పథకం పేరులో బిడ్డ: తెలుగు రాజకీయ భాషలో బాల్యం, సంక్షేమ విధానాల చరిత్ర

వ్యాససంగ్రహం:
రాజకీయ ప్రసంగాల్లో పిల్లల ప్రస్తావన సర్వసాధారణం. ఆ ప్రస్తావనలో బిడ్డకు ఏ రూపం కల్పించారన్న దానిని బట్టి సంక్షేమ విధానం ఎవరిని లెక్కిస్తుంది, ఎవరికి చెల్లిస్తుంది, ఎవరిని వదిలివేస్తుంది అనే అంశాలు నిర్ణయమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోని ఇద్దరు పిల్లల నిబంధన, బాలకార్మిక వ్యతిరేక ఉద్యమం, ‘అమ్మ ఒడి’, ‘తల్లికి వందనం’ పథకాలు ఇందుకు ఆధారాలు. 1960ల చివరి నుంచి 2025 వరకు గల కాలం ఈ వ్యాసానికి పరిధి.

కీలకపదాలు: బాల్యం, రాజకీయ భాష, సంక్షేమ విధానం, పోషకాహారం, ఇద్దరు పిల్లల నిబంధన, బాలకార్మికులు, అమ్మ ఒడి, తల్లికి వందనం.

1. ప్రవేశిక

రైతు, కార్మికుడు, నిరుద్యోగి అనే మాటలు రాజకీయ వేదిక మీద వాదానికి తావిస్తాయి. వారి పక్షాన ఒకరు మాట్లాడితే మరొకరు ఖండించవచ్చు. ‘పసిబిడ్డ’ అనే మాటకు అలాంటి ప్రతిపక్షం ఉండదు. పిల్లలకు ఓటు లేదు. తమ పేరిట చేసిన వాగ్దానాన్ని నిలదీసే సంఘం కూడా వారికి లేదు. అందువల్ల రాజకీయ భాషలో బిడ్డ అనేది ఎవరి అవసరానికి తగినట్టు వారు నింపుకొనే పాత్రగా మారింది. ఆ పాత్ర ఒకప్పుడు దేశపు ఆస్తి, ఒకప్పుడు భూమికి భారం, ఒకప్పుడు బడికి చేరవలసిన కూలి, మరొకప్పుడు తల్లి ఒడిలోని పాప.

ఈ రూపాలను అలంకారాలుగా మాత్రమే చూస్తే చరిత్ర అర్థం కాదు. ప్రతి రూపం వెంట ఒక లెక్కింపు పద్ధతి వచ్చింది. ఆకలిగొన్న బిడ్డను కెలోరీలలోను, భారమైన బిడ్డను కాన్పుల సంఖ్యలోను, కూలిగా ఉన్న బిడ్డను బడి హాజరులోను, ఒడిలోని బిడ్డను తల్లి బ్యాంకు ఖాతాలోను లెక్కించారు. విధానపు లెక్క ఏదో తెలిస్తే దాని వెనుక ఉన్న భాష తెలుస్తుంది. ఆ భాష తెలిస్తే లెక్కకు అందని పిల్లలు ఎవరో తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ మూడింటిని కలిపి పరిశీలిస్తుంది.

2. కొలతకు అందిన ఆకలి

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. 1960 నుంచి 1974 వరకు దాని సంచాలకులుగా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ కాలంలో పిల్లల ఆకలిని గురించిన అంతర్జాతీయ చర్చలో ఈ సంస్థ ఒక ప్రత్యేక స్థానం సంపాదించుకొంది.

1968లో ఐక్యరాజ్యసమితి సలహా సంఘం ముంచుకొస్తున్న ‘ప్రోటీన్ సంక్షోభం’ గురించి ప్రపంచాన్ని హెచ్చరించింది. పేద దేశాల పిల్లలకు కొరవడినది మాంసకృత్తులే అన్నది ఆనాటి ప్రబలమైన వాదం. ఆ మాట చుట్టూ పాలపొడి, చేపపిండి, కృత్రిమ మాంసకృత్తుల తయారీ వంటి పరిష్కారాలు వరుసకట్టాయి. సమస్యకు పెట్టిన పేరే పరిష్కారాన్ని, దానితోపాటు వ్యాపారాన్ని నిర్దేశించింది. జాతీయ పోషకాహార సంస్థ జరిపిన ఆహార సర్వేలు ఇందుకు భిన్నమైన సంగతి చెప్పాయి. పేద ఇళ్లలోని పిల్లలు తినే ధాన్యం, పప్పుల కలయికలో మాంసకృత్తుల పాలు మరీ తక్కువ కాదు. వారు తినే మొత్తమే తక్కువ. గోపాలన్ బృందం హైదరాబాదు పరిసర గ్రామాల్లో పిల్లలకు రోజుకు సుమారు 300 కెలోరీల అదనపు ఆహారం ఇచ్చి, వారి ఎదుగుదల మెరుగుపడిందని చూపిన అధ్యయనం 1973లో ప్రచురితమైంది. ఆ ఆహారంలో అదనపు మాంసకృత్తులు నామమాత్రమే.

ఈ శాస్త్రీయ నిర్ణయంలో ఒక రాజకీయార్థం ఉంది. లోటు మాంసకృత్తులదైతే నింద తల్లి అజ్ఞానం మీదికి, ఆమె వంట మీదికి పోతుంది. లోటు తిండిదే అయితే ప్రశ్న కూలి రేట్ల మీదికి, ధరల మీదికి, భూమి పంపకం మీదికి మళ్లుతుంది. ‘సంక్షోభం’ అనే మాటను ‘కొరత’ అనే మాటతో మార్చడం వల్ల బాధ్యత వహించవలసినవారు మారిపోయారు.

1974 ఆగస్టులో భారత ప్రభుత్వం ప్రకటించిన జాతీయ బాలల విధానం పిల్లలను దేశానికి అత్యంత ముఖ్యమైన ఆస్తిగా పేర్కొంది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ప్రారంభమయ్యాయి. అంగన్‌వాడీలో ఆరేళ్లలోపు బిడ్డకు రోజుకు 300 కెలోరీలు అనే నాటి ప్రమాణంలో తార్నాక పరిశోధన ప్రతిధ్వని వినిపిస్తుంది. అయితే ‘ఆస్తి’ అనే రూపకానికి తనదైన పరిమితి ఉంది. ఆస్తిని రేపటి రాబడి కోసం కాపాడుతారు. ఈ రూపకంలో బిడ్డ ఈనాటి ఆకలికి హక్కుదారు కాదు, రేపటి ఉత్పత్తికి ముడిసరుకు. అంగన్‌వాడీ దశాబ్దాల పాటు హక్కుగా గాక పథకంగానే నడవడానికి, అందులో పనిచేసే స్త్రీలు ‘గౌరవ వేతనం’ పొందే స్వచ్ఛంద సేవికలుగా మిగలడానికి ఈ భావన కూడా ఒక కారణం.

3. సంఖ్యగా మారిన బిడ్డ

ఆస్తిగా కీర్తి పొందిన బిడ్డే అదే కాలంలో మరో ప్రచారంలో భారంగా కనిపించింది. ‘మేమిద్దరం మాకిద్దరు’, ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అనే నినాదాలు ఊరూరా గోడలకెక్కాయి. వీటిలో మొదటి ఇద్దరు పిల్లలు కుటుంబ చిత్రంలో నవ్వుతూ నిలిచారు. ఆ చిత్రంలో చోటులేని మూడో బిడ్డ నినాదం నుంచి చట్టంలోకి ప్రవేశించింది.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. చట్టం అమలులోకి వచ్చిన తొలి ఏడాది జననాలకు మినహాయింపు ఇచ్చింది. హర్యానాలోని ఇటువంటి నిబంధనను సుప్రీంకోర్టు 2003లో జావేద్ కేసులో సమర్థించింది. స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లు దక్కిన కాలంలోనే ఈ నిబంధన రావడం గమనార్హం. తలుపు తెరిచిన చట్టమే గడప ఎత్తు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన అధ్యయనం పదవి కాపాడుకోవడానికి భార్యను విడిచిపెట్టడం, బిడ్డను దత్తతకు ఇవ్వడం, గర్భస్రావాలు చేయించడం వంటి పరిణామాలను నమోదు చేసింది. పిల్లల సంక్షేమం పేరిట వచ్చిన నియమం పుట్టిన బిడ్డను దాచవలసిన రహస్యంగా మార్చింది.

ఈ భాష సంక్షేమ పథకంలోకి ఎలా చొరబడిందో చెప్పడానికి బాలికా సంరక్షణ పథకం మంచి ఉదాహరణ. 1996-97లో మొదలై 2005లో సవరణ పొందిన ఈ పథకం కింద ఒకే ఆడపిల్ల ఉన్న కుటుంబానికి 20 ఏళ్లు నిండాక లక్ష రూపాయలు, ఇద్దరు ఆడపిల్లలుంటే ఒక్కొక్కరికి 30 వేల రూపాయలు దక్కేవి. తల్లిదండ్రుల్లో ఒకరు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొని ఉండాలన్నది షరతు. పేరులో ఉన్నది బాలిక రక్షణ, షరతులో ఉన్నది జనాభా నియంత్రణ. మూడో సంతానంగా పుట్టిన ఆడపిల్లకు రక్షణ అవసరం మరింత ఎక్కువ. భ్రూణహత్యను, వివక్షను తప్పించుకొని పుట్టిన ఆ బిడ్డ పథకం దృష్టిలో లేనే లేదు. 2013లో శాసనసభ చట్టరూపం ఇచ్చిన ‘బంగారు తల్లి’ పుట్టుక నుంచి డిగ్రీ వరకు దశలవారీగా సహాయం ప్రకటించింది. అది కూడా మొదటి రెండు కాన్పులకే పరిమితమైంది. 2017 నాటి తెలంగాణ కేసీఆర్ కిట్ పథకం ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లవాడు పుడితే 12 వేలు ఇస్తూ రెండు కాన్పుల హద్దును కొనసాగించింది. ప్రభుత్వాలు, పార్టీలు, రాష్ట్రాలు మారినా ‘ఇద్దరు’ అనే సంఖ్య మారలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటు సంతాన రేటు 1998-99లో 2.25 ఉండగా 2005-06 నాటికి 1.79కి దిగింది. ఈ తగ్గుదల నినాదాల ఫలితమేనని చెప్పడానికి వీల్లేదు. స్త్రీల విద్య, వివాహ వయసు, పిల్లల చదువు ఖర్చు వంటివి ఇందులో పనిచేశాయి. భారం ఎవరు మోశారన్నది మాత్రం స్పష్టం. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం శస్త్రచికిత్స చేయించుకొన్నవారే.

4. కూలి నుంచి విద్యార్థికి

రాజ్యాంగంలోని 45వ అధికరణ పదేళ్లలో 14 ఏళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని ఆదేశించింది. గడువు దాటి మూడు దశాబ్దాలైనా అది ఆదేశంగానే మిగిలింది. ఈ జాప్యాన్ని సమర్థించిన వాదం ఒకటి అధికారుల్లో, విద్యావంతుల్లో బలంగా ఉండేది. పేద కుటుంబం బిడ్డ కూలి మీద ఆధారపడుతుంది కాబట్టి పేదరికం పోయేదాకా బాలకార్మికత తప్పదన్నది ఆ వాదం. 1986 నాటి చట్టం కూడా ‘ప్రమాదకరమైన’ పనులను మాత్రమే నిషేధించి, మిగిలిన వాటిని నియంత్రించడంతో సరిపెట్టింది. పొలంలో, ఇంటి పనిలో, పశువుల వెంట ఉన్న పిల్లలు ఆ నిర్వచనంలో కార్మికులు కారు.

చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల ప్రారంభంలో రంగారెడ్డి జిల్లాలో ఈ నిర్వచనాన్నే ఎదుర్కొంది. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ చేసిన ప్రతిపాదన సూటిగా ఉంది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పని ప్రమాదకరమా కాదా, కూలి దొరుకుతుందా లేదా అన్న ప్రశ్నలు దీనితో పక్కకు పోయాయి. పశువుల కాపరి, చెల్లెలిని ఎత్తుకొని ఇంట్లో ఉండిపోయిన అక్క, పత్తి విత్తన క్షేత్రంలో పూలకు పరాగ సంపర్కం చేసే బాలిక ఒకే పదం కిందికి వచ్చారు.

ఈ నిర్వచనం బాధ్యతను కూడా మార్చింది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్న పాత మాట స్థానంలో, బడికి పంపాలనుకొనే తల్లిదండ్రులకు బడి అందుబాటులో లేదన్న మాట వచ్చింది. వయసు మీరిన పిల్లలను వారి ఈడుకు తగిన తరగతిలో చేర్చడానికి వారధి శిబిరాలు ఏర్పడ్డాయి. 1990ల చివర ప్రభుత్వమే వేసవిలో ఖాళీగా ఉన్న సంక్షేమ వసతిగృహాల్లో ఇటువంటి శిబిరాలు నడిపింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

విద్యను హక్కుగా మార్చిన తీర్పు కూడా తెలుగు నేలతో ముడిపడినదే. 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. వివాదం వృత్తి విద్యా కళాశాలల్లో ఫీజుల గురించినది. అయినా 14 ఏళ్లలోపు విద్య ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు ఆ సందర్భంలోనే ప్రకటించింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం దానిని స్థిరపరచాయి. మధ్యాహ్న భోజనం విషయంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక, 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో అది అమలైంది. ఈ హక్కుల చరిత్రలో ఎన్నికల నినాదం పాత్ర స్వల్పం. నిర్వచనం మార్చిన ఉద్యమం, ఆదేశించిన న్యాయస్థానం దీనికి మూలం.

అయితే హక్కు కూడా గీత గీస్తుంది. 86వ సవరణ ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు హక్కు ఇచ్చి, ఆరేళ్లలోపు వారిని ఆదేశిక సూత్రాల్లోనే ఉంచింది. మెదడు, శరీరం అతివేగంగా ఎదిగే వయసు హక్కు పరిధికి వెలుపల మిగిలింది. 2016లో బాలకార్మిక చట్ట సవరణ 14 ఏళ్లలోపు పనిని అన్ని రంగాల్లో నిషేధిస్తూనే, బడివేళల తరవాత కుటుంబ వృత్తిలో సాయపడడానికి మినహాయింపు ఇచ్చింది. ‘కుటుంబం’ అనే మాట చేరగానే, 1990లలో వెలుగులోకి వచ్చిన పిల్లలు మళ్లీ ఇంటి నీడలోకి వెళ్లారు. బీడీలు చుట్టే ఇంట్లో ఆడపిల్ల చేసే పని సహాయమా, శ్రమా అని తేల్చవలసినవారు ఎవరు?

5. ఒడిలోని బిడ్డ

గత దశాబ్దంలో రెండు రాష్ట్రాల రాజకీయ భాషలోనూ బిడ్డకు ముందు తల్లి వచ్చి నిలిచింది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 9న చిత్తూరులో ప్రారంభమైన ‘అమ్మ ఒడి’ బడికి పిల్లలను పంపే పేద తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేల రూపాయలు వేసింది. ఒకటో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు, ప్రైవేటు బడి పిల్లలకు కూడా ఇది వర్తించింది.

‘ఒడి’ అనే మాట ఎంపిక సామాన్యమైనది కాదు. తెలుగులో ఒడి ఆశ్రయానికి, ‘ఒళ్లో పడడం’ అయాచితంగా దక్కడానికి గుర్తు. ‘ఒడిబియ్యం’ పుట్టింటి ప్రేమకు ఆనవాలు. ఈ పేరుతో ప్రభుత్వం పుట్టింటి స్థానాన్ని, నాయకుడు అన్న లేక మేనమామ స్థానాన్ని పొందారు. ప్రసంగాల్లో ఆ బంధుత్వం పదేపదే వినిపించింది. నగదు స్త్రీ చేతికి అందడం వల్ల ఆమె మాటకు ఇంట్లో విలువ పెరిగే అవకాశం ఉంది. ఆ మేరకు ఈ భాష మేలు చేసింది. అయితే పుట్టింటి కానుకను ఎవరూ హక్కుగా అడగరు. ఆలస్యమైతే నిలదీయరు.

ఈ రూపకం లెక్కనూ నిర్ణయించింది. ప్రమాణం తల్లి కాబట్టి చెల్లింపు తల్లికొకటే. బడికి వెళ్లే పిల్లలు ఒకరైనా ముగ్గురైనా మొత్తం మారదు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో తలకు అయిదు వేలు పడింది. సాధారణంగా అదే పేద ఇల్లు. ఈ వెలితిని ప్రతిపక్షం 2024 ఎన్నికల్లో గుర్తించింది. బడికి వెళ్లే ప్రతి బిడ్డకు 15 వేలు అన్న వాగ్దానం దాని నుంచి పుట్టింది. ఒక అభ్యర్థి ఇంటి ముంగిట నిలబడిన పిల్లలను ఒక్కొక్కరినే చూపుతూ ‘నీకు 15 వేలు, నీకు 15 వేలు’ అని లెక్కించిన దృశ్యం రాష్ట్రమంతటా ప్రచారమైంది. హాస్యంగా చలామణి అయినా, తెలుగు ఎన్నికల భాషలో బిడ్డను మధ్యమపురుషలో నేరుగా సంబోధించిన అరుదైన సందర్భం అది. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ ఆ మాట ప్రకారమే ఒక్కో విద్యార్థిని ప్రమాణంగా తీసుకొంది. బడుల నిర్వహణకు రెండు వేలు మినహాయించి 13 వేల చొప్పున తల్లి ఖాతాలో జమ అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెండు పథకాల పేర్లలోనూ ఉన్నది తల్లే. రెండో పేరులో బిడ్డ ఉండే ఒడి కూడా లేదు. అయినా రెండో దానిలో లెక్క బిడ్డకు మారింది. కాబట్టి పథకం పేరును మాత్రమే విశ్లేషిస్తే సరిపోదు. వాగ్దానం ఎవరిని ‘నీవు’ అని పిలిచిందో చూడాలి. విధానపు ప్రమాణం పేరును కాదు, సంబోధనను అనుసరించింది.

6. మూడో బిడ్డ పునరాగమనం

2019-21 సర్వే నాటికి సంతాన రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి చేరింది. లోక్‌సభ స్థానాల పునర్విభజన, కేంద్ర నిధుల వాటా అనే చర్చలు దీనితో కలిశాయి. 1990లలో చిన్న కుటుంబాన్ని ప్రోత్సహించిన ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడే 2024 అక్టోబరులో ఎక్కువమంది పిల్లలను కనాలని పిలుపునిచ్చారు. ఆ నవంబరులో శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. తెలంగాణలో 2018 చట్టం కొనసాగించిన అదే నిబంధనను తొలగించాలని 2025 అక్టోబరులో అక్కడి మంత్రివర్గం నిర్ణయించింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతం నుంచి 50 వేల రూపాయలు, మగపిల్లవాడు పుడితే ఆవు, దూడ ఇస్తానని ప్రకటించారు.

నిబంధన రద్దు న్యాయమైనదే. దానికి చూపిన కారణం మాత్రం ఆలోచించదగినది. పౌరుల హక్కుకు భంగం కలిగిందనో, స్త్రీలు నష్టపోయారనో కాక, జనాభా తగ్గుతోందన్న వాదం ముందు నిలిచింది. ముప్పై ఏళ్ల కింద ఎక్కువైన బిడ్డ ఈనాడు తక్కువైంది. రెండు సందర్భాల్లోనూ బిడ్డ సంఖ్యే. వృద్ధుల పోషణకు, శ్రామికశక్తికి, పార్లమెంటు స్థానాలకు అవసరమైన సంఖ్య. సంఖ్య దిశ మారితే నిబంధన మళ్లీ రాదన్న హామీ ఈ భాషలో లేదు. ఆ హామీ హక్కుల భాష మాత్రమే ఇవ్వగలదు.

7. పేరు తెలుగు, షరతు ఆంగ్లం

1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును ఆంధ్రప్రదేశ్ అధికార భాషగా ప్రకటించింది. అయినా సంక్షేమ ఉత్తర్వుల్లో తెలుగులో స్థిరపడినది చాలావరకు పథకం పేరు మాత్రమే. అర్హతలు, మినహాయింపులు, అప్పీలు విధానం ఎక్కువగా ఆంగ్లంలో ఉంటాయి. ‘అమ్మ’, ‘బంగారు’, ‘లక్ష్మి’, ‘వందనం’ వంటి పదాలు లబ్ధిదారును తెలుగులో పలకరిస్తాయి. ఆమె దరఖాస్తు తిరస్కరణకు గురైనప్పుడు కారణం మరో భాషలో ఉంటుంది. ఆప్యాయత ఒక భాషలోను, అధికారం మరొక భాషలోను నడవడం వల్ల షరతు మీద ప్రజాచర్చ జరగదు. బాలికా సంరక్షణ పథకంలోని శస్త్రచికిత్స షరతు పేరులోనే తెలుగులో కనిపించి ఉంటే, అది అంతకాలం ప్రశ్నకు గురికాకుండా ఉండేదా అన్నది ఆలోచించదగిన విషయం.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు నాలుగు. మొదటిది, పిల్లల సమస్యకు పెట్టే పేరు బాధ్యులను నిర్ణయిస్తుంది. తార్నాక పరిశోధకులు మాంసకృత్తుల సంక్షోభాన్ని తిండి కొరతగా, రంగారెడ్డి కార్యకర్తలు బడి బయటి బిడ్డను కార్మికుడిగా పేర్కొనడం ఇందుకు నిదర్శనం. రెండవది, రాజకీయ సంబోధన లెక్కింపు ప్రమాణాన్ని నిర్ణయిస్తుంది. అమ్మ ఒడి నుంచి తల్లికి వందనం వరకు జరిగిన మార్పు అదే. మూడవది, బిడ్డను సంఖ్యగా చూసే భాష తన దిశను పూర్తిగా తిప్పుకొన్నా తన స్వభావాన్ని మార్చుకోలేదు. నాలుగవది, ఏ భాషలోనూ స్థానం దొరకని పిల్లలు ఉన్నారు. ఆరేళ్లలోపు బిడ్డ, కుటుంబ వృత్తిలో పనిచేసే బిడ్డ, మొన్నటివరకు మూడో బిడ్డ వారిలో ముఖ్యులు.

రాజకీయ భాష ఒక్కటే విధానాన్ని నిర్మిస్తుందని ఈ వ్యాసం వాదించదు. ఆర్థిక స్తోమత, న్యాయస్థానాలు, ఉద్యమాలు, కేంద్ర నిధులు అన్నీ దానిలో భాగస్వాములే. కాని ఏ బిడ్డ కోసం ఖర్చు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సమాధానం ముందు భాషలోనే రూపొందుతుంది. పద్యానికి, కథకు ఇచ్చే శ్రద్ధతోనే పథకాల పేర్లను, ఎన్నికల ప్రసంగాలను, ప్రభుత్వ ఉత్తర్వులను చదవడం తెలుగు శాఖల పనిలో భాగం కావాలి. ఆ చదువు అర్హుల జాబితా దగ్గర ఆగకూడదు, జాబితా చివరి వరుస కింద ఉన్న ఖాళీని కూడా చదవాలి. ఓటు లేని పౌరుల విషయంలో ఆ ఖాళీని చదవగలవారు పరిశోధకులే.